నాలుగు గొట్టాలూ, వంగని కోడలూ

చౌడేశ్వరి మేడంను పెళ్ళిభోజనానికి పిలిచినవాళ్ళకు ఒక చిక్కు ఉండేది. మొదటి బంతిలో కూర్చోబెడితే వడ్డించేవాళ్ళ గోళ్ళు చూస్తుంది. చివరి బంతిలో కూర్చోబెడితే అన్నం ఎప్పుడు దించారని అడుగుతుంది. పొగలు కక్కేదైతే సంతోషంగా రెండోసారి పెట్టించుకుంటుంది. చట్నీ గరిటె దగ్గరికి వచ్చిందా, ఆకు మీద అడ్డంగా చెయ్యి పెట్టి, "కొబ్బరి ఎప్పుడు రుబ్బినారప్పా?" అంటుంది. వడ్డించే మనిషి మొహం చూస్తే చాలు, పక్కన తింటున్న నలుగురూ తమ ఆకుల్లోని చట్నీని మెల్లగా అంచుకు జరిపేవారు.

ఆమె తప్పేమీ లేదు. అనంతపురంలో ఒక సేవాసంస్థ నడిపే చిన్న ల్యాబులో ఆమె ఉద్యోగం. పాలు, తాగేనీళ్ళు, హాస్టళ్ళ సాంబారు, మిఠాయి అంగళ్ళ కోవా, అన్నీ సీసాల్లో ఆమె బల్ల మీదికి వచ్చేవి. వాటిలో మనుషులకు జబ్బు చేసే సూక్ష్మజీవులున్నాయా లేవా అని చూడటం ఆమె పని. వాటిని ఆమె ముద్దుగా పురుగులనేది. ఆమె కొడుకు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు, మీ అమ్మ ఏం చేస్తుందని టీచరు అడిగితే, "పురుగుల్ని పెంచుతుంది సార్" అన్నాడట. ఆ టీచరు చాన్నాళ్ళు వీళ్ళది పట్టుపురుగుల వ్యాపారమనుకున్నాడు.

పుట్టిల్లు యాడికి అనే ఊరు. అత్తవారిది శింగనమల పక్కన చిన్న పల్లె. భర్త సురేంద్ర బస్సు డిపోలో మెకానిక్కు. చేతులు ఎప్పుడూ గ్రీజు నలుపే గాని, ఇంట్లో అన్నం ముట్టాలంటే మోచేతుల దాకా సబ్బు పెట్టాల్సిందే. "ఇంజనుకు ఇంత మర్యాద చేస్తే విమానమైపోయుండును" అని గొణుక్కుంటూ కడుక్కునేవాడు.

ఇప్పుడు చెప్పబోయేది రెండు వేల మూడు మే నెల సంగతి. వానలు మొహం చాటేసి వరసగా కొన్నేళ్ళయింది. ఎండ నలభై రెండు దాటుతోంది. ఆ పల్లెలో బస్సులు ఆగేచోట ఏటా చలివేంద్రం పెడతారు. పందిరి, నాలుగు కడవలు, దారిన పోయేవాళ్ళకు మజ్జిగ. మజ్జిగ కలిపేది ఆంజినమ్మ. ఈమె సురేంద్రకు చిన్నమ్మ, చౌడేశ్వరికి చిన్నత్త. పిల్లలు లేరు, మొగుడు పోయాడు. ఎండాకాలం రెండు నెలలూ ఆ పందిరే ఆమె లోకం. ఆమె మజ్జిగ తాగడానికే ఒక స్టేజీ ముందు దిగి నడిచి వచ్చేవాళ్ళున్నారని చెప్పుకునేది. నిజమో కాదో తెలియదు గానీ ఎవరూ కాదనలేదు.

ఆ ఏడు ఓబుళేసు అనే పెద్దమనిషి చలివేంద్రానికి ఒక మేలు చేశాడు. వచ్చే ఎన్నికల్లో సర్పంచుగా నిలబడాలని ఆయన కోరిక. రోజూ పట్నం నుంచి లగేజీ ఆటోలో ఐసుగడ్డ తెప్పించి, తన పెరట్లో వరిపొట్టులో పాతిపెట్టి, మధ్యాహ్నానికి పగలగొట్టి మజ్జిగలో వేయించాడు. పందిరికి తన పేరుతో గుడ్డ కట్టించాడు. వారం తిరక్కుండా ఊరు మొత్తం చెంబులు పట్టుకుని పొలాల వైపు పరిగెత్తింది. ప్రాణాలకేమీ కాలేదు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళతో అందరూ లేచి కూర్చున్నారు. లేచి కూర్చున్నాక, తప్పు ఎవరిదని వెతికారు.

"ఆ ముసిల్ది చేతులు కడుక్కుంటాదో లేదో ఎవురు సూసినారప్పా?" అన్నాడు ఓబుళేసు.

అంతే. చలివేంద్రం మూతబడింది. ఆ ఆదివారం ఊళ్ళో దేవర, అంటే అమ్మవారి జాతర. దేవర ముగిశాక సాయంత్రం పెద్దలు కూర్చుంటారు. ఈలోపు ఇంకేమీ తేలకపోతే ఆంజినమ్మ ఇక పందిరి గడప తొక్కకూడదని నిర్ణయం. ఆంజినమ్మ ఎవరితోనూ గొడవపడలేదు. చేతులు ముందుకు చాపి, తిప్పి చూసుకుని, కొంగులో దాచుకుందని సురేంద్ర వచ్చి చెప్పాడు. ఆ మాటతో చౌడేశ్వరికి ఆ పూట అన్నం దిగలేదు.

శనివారం తెల్లవారగానే ఇద్దరూ మొపెడ్ మీద పల్లెకు పోయారు. చిన్నత్తకు అసలు సంగతి చెప్పలేదు. నీ మజ్జిగను పరీక్ష చేస్తామంటే ఆమె గుండె ఇంకాస్త పగులుతుంది. చౌడేశ్వరి చెంబెడు మజ్జిగ అడిగి, వాకిలి వైపు తిరిగి తాగినట్టు నటించి, ఉడకబెట్టి తెచ్చిన సీసాలో పోసుకుంది. ఊళ్ళో ఎవరూ తన మజ్జిగ ముట్టని రోజుల్లో కోడలు గటగటా తాగేసిందని ఆంజినమ్మ కళ్ళు చెమర్చాయి. "ఇంగొక చెంబు తెస్తానుండు" అంది. రెండో చెంబు నిజంగానే తాగాల్సి వచ్చింది. బోరు దగ్గర కడవనీళ్ళు ఇంకో సీసాలో పట్టారు. ఓబుళేసు పెరట్లో పొట్టులో మిగిలిన ఐసుగడ్డలోంచి ఒక ముక్క సురేంద్ర సంపాదించాడు. ఎలాగని అడిగితే, "మెకానిక్కుకు గడియలు తీయడం కష్టమా?" అన్నాడు.

ఎండ ముదరకముందే ల్యాబుకు చేరి పరీక్ష మొదలుపెట్టింది. పద్ధతి చెప్తాను, కష్టమేమీ లేదు. గాజు గొట్టంలో ఊదారంగు రసం పోస్తారు. అందులో ఆ పురుగులకు ఇష్టమైన పాలచక్కెర ఉంటుంది. రసంలోనే అగ్గిపుల్లంత చిన్న గొట్టం ఒకటి తలకిందులుగా మునిగి ఉంటుంది, నిండా రసంతోనే. అనుమానం ఉన్న నీళ్ళో మజ్జిగో కొంచెం కలిపి ఒక పగలు, ఒక రాత్రి వెచ్చగా ఉంచాలి. మనిషి పేగుల్లో నుంచి బయటపడిన రకం పురుగు ఉందా, అది చక్కెర తిని గాలి వదులుతుంది. ఆ గాలి బోర్లించిన చిన్న గొట్టంలో పైకి చేరి బుడగగా నిలబడుతుంది. రసం రంగు కూడా పసుపుపచ్చగా మారుతుంది గాని, మజ్జిగ పులుపుకే రంగు మారిపోవచ్చు కాబట్టి రంగును నమ్మకూడదు. బుడగనే నమ్మాలి.

ఆమె నాలుగు గొట్టాలు సిద్ధం చేసింది. బోరునీళ్ళదొకటి, ఐసు కలపని మజ్జిగదొకటి, కరిగిన ఐసుదొకటి. నాలుగోది ఖాళీది, అందులో ఏమీ కలపరు. ఆ ఖాళీదాంట్లో కూడా బుడగ కనిపిస్తే పరీక్షలోనే ఏదో తప్పు జరిగిందని అర్థం. నాలుగింటినీ ఇంక్యుబేటర్ అనే వేడిపెట్టెలో పెట్టి, ముప్ఫై ఏడు డిగ్రీల దగ్గర ముల్లు నిలిపి, హమ్మయ్య అనుకుంది. మధ్యాహ్నం రోడ్డు మీది ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది.

సోమవారం దాకా కరెంటు రాదన్నారు. మామూలు ఊళ్ళో అయితే పెట్టె చల్లబడిపోతుందని భయపడాలి. మా ఊళ్ళో భయం వేరు. ఆ పెట్టెకు వేడెక్కడం వచ్చు, చల్లబడటం రాదు. చల్లని గది ఉంటేనే అది ముప్ఫై ఏడు దగ్గర నిలుస్తుంది. ఏసీ ఆగిన గదిలో కాసేపటికే నలభై దాటింది. ల్యాబు పెద్ద గంగాధరప్ప సారు చెమట తుడుచుకుంటూ, "వరండాలో పెడితే ఈ పురుగులకు తరువాత చేసే నలభై నాలుగు డిగ్రీల పరీక్ష కూడా ఉత్తపుణ్యానికే అయిపోతుందమ్మా" అని జోకేశాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఇంకా చెమటపడుతుంది.

చౌడేశ్వరి గదంతా చూసింది. గోడ మీద థర్మామీటరు చూసింది. చివరికి తన చేతిని తనే నుదుటి మీద పెట్టుకుంది.

"సార్, ఈ ఊళ్ళో ఇప్పుడు ముప్ఫై ఏడు డిగ్రీల దగ్గర కచ్చితంగా నిలబడేది ఒక్కటే ఉండాది."

"ఏంటది?"

"నా ఒళ్ళు."

గంగాధరప్ప సారు ఎంత వద్దన్నా ఆమె వినలేదు. "రేపు ఎవరైనా ఏ ఇంక్యుబేటర్‌లో పెట్టినారని అడిగితే ఏం చెప్పాలమ్మా? మా మేడం బొడ్డు దగ్గరనా?" అని ఆయన తల పట్టుకున్నాడు. ఈలోపు ఆమె పాత లంగాగుడ్డతో నాలుగు అరలున్న పట్టీ కుట్టేసింది. గొట్టాలకు మూతలు బిగించి, అరల్లో నిలబెట్టి, నడుముకు కట్టుకుని, పైన చీర చుట్టింది. ఒక్కటే నియమం. గొట్టం నిటారుగా ఉండాలి. ఆమె వంగితే గొట్టం వాలుతుంది. వాలితే లోపలి చిన్న గొట్టంలోకి మామూలు గాలి దూరి బుడగ కడుతుంది. అది పురుగు వదిలిన గాలో, కోడలు వంగిన గాలో దేవుడికి కూడా తెలియదు.

అంటే దేవర ముగిసేదాకా చౌడేశ్వరి వంగకూడదు.

పల్లెకు తిరుగు ప్రయాణంలో సురేంద్ర మొపెడ్‌ను గాజుబొమ్మల బండిలా నడిపాడు. ప్రతి గుంతకూ ఆగి, కాలు కింద పెట్టి, మెల్లగా దాటించాడు. వెనక నుంచి వచ్చిన గొర్రెలమంద వాళ్ళను దాటిపోయింది. గొర్రెలు కాసే మనిషి వెనక్కి తిరిగి, "ఏమప్పా, బండి సెడిపోయిందా?" అన్నాడు. "బండి బాగుండాది. వెనకామె జాగ్రత్త" అన్నాడు సురేంద్ర. ఆ జవాబు కూడా వాళ్ళకంటే ముందే ఊరు చేరింది.

ఊరి మొదట్లో అరుగు మీద తిమ్మమ్మ అనే పెద్దావిడ కూర్చుని ఉంటుంది. ఊళ్ళో సగం కాన్పులు ఆమె చేతి మీదే జరిగాయి. చౌడేశ్వరి మొపెడ్ దిగిన తీరు, నడుం మీద రెండు చేతులూ వేసుకుని నడిచిన తీరు చూసి ఆమె ఆకువక్క నమలడం ఆపింది. వీధి మలుపు తిరిగేదాకా ఆ నడుమే చూసింది. మళ్ళీ నమలసాగింది.

దేవర ముందురోజు సాయంత్రం ఆడవాళ్ళు పిండితో చేసిన జ్యోతులు తలమీద ఎత్తుకుని అమ్మవారి దగ్గరికి నడిచారు. చౌడేశ్వరీ ఎత్తుకుంది. తల కదలదు, నడుం కదలదు, అడుగు ఆచితూచి పడుతుంది. దారిలో గాలికి మిగతావాళ్ళ దీపాలు రెపరెపలాడాయి, కొన్ని కొండెక్కాయి. ఆమెది మాత్రం బొమ్మ గీసినట్టు నిలబడింది. "యాడికి పిల్ల అనుకుంటిమి గానీ, ఎంత బక్తి!" అని జనం మురిసిపోయారు. గుడి ముందు అందరూ నేలకు వంగి మొక్కారు. ఆమె కొయ్యలా నిలబడి చేతులు జోడించింది. ఆ మురిపెం అక్కడ కొంచెం తగ్గింది.

రాత్రి గోడకు చేరగిలబడి కూర్చునే కునుకు తీసింది.

ఆదివారం పొద్దున పెద్దలకు మొక్కే వేళ. కోడళ్ళందరూ వరసగా వచ్చి ఇంటి పెద్దావిడ కాళ్ళకు మొక్కి కుంకుమ పెట్టించుకోవాలి. ఆ ఇంట్లో పెద్దావిడ ఆంజినమ్మే. కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. ఊరు ఏమనుకున్నా ఇంటివాళ్ళు తన కాళ్ళు ముడతారన్న ధైర్యం ఆమె మొహంలో ఉంది. చౌడేశ్వరి వంతు వచ్చింది. ముందుకు వచ్చింది. నిలబడింది. నిలబడే ఉంది.

"మొక్కు పాపా" అన్నారెవరో.

చౌడేశ్వరి సగం మోకాళ్ళు మడిచింది. పట్టీలో గొట్టాలు టింగుమన్నాయి. ఉలిక్కిపడి నిటారుగా లేచి, నిలబడే చేతులు జోడించింది.

ఆంజినమ్మ కుంకుమ గిన్నె కింద పెట్టేసింది. "నిన్న మజ్జిగ తాగినావు గదమ్మే" అంది మెల్లగా. "అది కూడా నటనేనా? నా సేతులే గాదు, నా కాళ్ళు గూడా మురికేనా నీకి?"

నిన్నటి మొదటి చెంబు నిజంగా నటనే. చెప్పాలంటే అంతా చెప్పాలి. పండగ పొద్దున, పీట మీద కూర్చున్న పెద్దామెతో, నీ మజ్జిగను గొట్టంలో పోసి నడుముకు కట్టుకుని తిరుగుతున్నానని ఎలా చెప్తుంది? పైగా అందులో ఊరంతటినీ పొలాలకు పరిగెత్తించిన పురుగు ఉండవచ్చని తెలిస్తే పూజ జరిగే ఇంట్లోంచి తననే తోసేస్తారు. సురేంద్ర గోడ మీద క్యాలెండర్‌ను మహా శ్రద్ధగా చూడసాగాడు.

అప్పుడు వాకిట్లోంచి తిమ్మమ్మ గొంతు వినిపించింది.

"ఆ పిల్లని యాల అంటావు ఆంజినమ్మా! యాడ వంగుతాది? నిన్న బండి దిగేటప్పుడే సూసినా. నీళ్ళోసుకునిండాది!"

నీళ్ళోసుకోవడమంటే గర్భం దాల్చడం. చౌడేశ్వరికి నలభై మూడు. కొడుకు ఇంటర్ రెండో ఏడు తప్పి ఇంట్లో కూర్చున్నాడు.

అందరూ సురేంద్ర వైపు చూశారు. సురేంద్ర క్యాలెండర్‌లో ఒక నెల వెనక్కి తిప్పాడు.

"ఓరి నీ! గమ్మునుంటావు గానీ గట్టోడివేరా" అని అతని బావమరిది వీపు మీద చరిచాడు. ఎవరో పటికబెల్లం తెచ్చారు. ఆంజినమ్మ పీట మీద నుంచి లేచి వచ్చి, కోడలి బుగ్గలు రెండు చేతులతోనూ పట్టుకుంది. ఆ చేతులు దాచుకోవడం ఆమె మరిచిపోయింది. "ముందే సెప్పకూడదామ్మే! ఈ వయసులో బండి మీద వస్తారా?" అని కళ్ళు తుడుచుకుంది. మధ్యాహ్నం దాకా చౌడేశ్వరి చాప మీద దిండు ఆనుకుని కూర్చుంటే మామిడికాయ ముక్కలు, చింతకాయ తొక్కు, ఉప్పూ కారం వస్తూనే ఉన్నాయి. పచ్చి తొక్కులు ఎవరి చేత్తో కలిపారో తెలియని పరిస్థితి. జీవితంలో మొదటిసారి ఆమె అడగకుండా తినింది.

సురేంద్ర మెల్లగా దగ్గరికి వచ్చి, "సెప్పేద్దామా?" అన్నాడు.

"సాయంత్రం దాకా ఓర్చుకో."

"నువ్వు ఓర్చుకుంటాండావు గానీ, నన్ను సూసి ఊరంతా మీసం దువ్వుతాండారు."

ఎండ వాలింది. గుడి ముందు పెద్దలు కూర్చున్నారు. ఓబుళేసు లేచి గొంతు సవరించుకుని, ఊరి ఆరోగ్యం గురించి పెద్దగా, ఆంజినమ్మ గురించి చిన్నగా మాట్లాడాడు. తను ఐసు దానం చేసిన సంగతి రెండుసార్లు చెప్పాడు. అప్పుడు చౌడేశ్వరి గుడి తలుపు వెనక్కి పోయి పట్టీ విప్పింది. ఎవరికన్నా ముందు తనే వెలుతురుకు పట్టి చూసింది. మొదట ఖాళీ గొట్టం. బుడగ లేదు. ఊదారంగు అలాగే ఉంది. గట్టిగా ఊపిరి వదిలి నాలుగూ చేతుల్లో నిలబెట్టుకుని బయటికి వచ్చింది.

గుడి అరుగు మీదున్న తిమ్మమ్మ ఆమె నడుం చూసింది, చేతులు చూసింది. "అప్పుడేనా!" అంది.

జనం గొల్లుమన్నారు. చౌడేశ్వరి ఎర్రబడిన మొహంతో జరిగిందంతా చెప్పింది. ఒక్కో గొట్టం ఎత్తి చూపింది. బోరునీళ్ళలో బుడగ లేదు. ఆంజినమ్మ మజ్జిగ గొట్టం పులుపుకు కాస్త పచ్చబడింది గాని బుడగ లేదు. ఐసుది పసుపుపచ్చగా మారిపోయి, లోపలి చిన్న గొట్టంలో సగం దాకా గాలే.

"ముగ్గురు బుద్ధిమంతులు, ఒకడు దొంగ" అన్నాడు సురేంద్ర. పొద్దుటి నుంచీ అతను మాట్లాడిన మొదటి ధైర్యమైన మాట అదే.

ఓబుళేసు తగ్గలేదు. "గడ్డకట్టిపోయినంక పురుగు యాడ బతుకుతాదమ్మా? సలికి సచ్చిపోదా?"

"చావదన్నా. చలిలో పడుకుంటుంది, మజ్జిగలో లేస్తుంది. ఐసుకు ఏ నీళ్ళు పోసినారో, ఆటోలో ఏ గోనెసంచిలో చుట్టినారో, పొట్టులో ఏం తొక్కిందో ఎవరికి తెలుసు?"

"నువ్వు దారిలో కుదిపినందుకే ఆ బుడగ వచ్చిందేమో!"

"కుదిపినందుకైతే నాలుగింట్లోనూ రావాల గదన్నా? ఈ ఖాళీదాన్ని చూడు. అమ్మవారి ముందు వంగలేదు, చిన్నత్త ముందు వంగలేదు. దీనికోసమే."

గుంపులో ఎవరో, "వంగలేదు, మా కండ్లతో సూసినాం" అన్నారు. ఊరంతా సాక్ష్యం. పొద్దున తిట్టుకున్న నోళ్ళే ఇప్పుడు ఆ మాట గట్టిగా అన్నాయి. ఓబుళేసు కాసేపు దూరాన పందిరి మీది తన పేరుగుడ్డ వైపు చూశాడు. "అయితే ఐసు మానేద్దాం. గుడ్డ ఉండనీండి" అన్నాడు. ఆంజినమ్మే మళ్ళీ మజ్జిగ కలపాలని పెద్దలు చెప్పి లేచారు.

ఆంజినమ్మ మాత్రం కదల్లేదు. మజ్జిగ గొట్టం వైపే చూస్తోంది.

"అంటే బిడ్డ లేదా?" అంది ముందు.

"లేదత్తా."

"నా మజ్జిగని నడుముకి కట్టుకోని రెండు దినాలు తిరిగినావా?"

"అవునత్తా."

"నమ్మకం లేకనా?"

"నాకు నమ్మకముంది. ఊరికి లేదు. అందుకే కట్టుకున్నా."

చౌడేశ్వరి గొట్టాలు సురేంద్ర చేతికిచ్చి, వంగి, చిన్నత్త కాళ్ళు రెండూ పట్టుకుంది. రెండు రోజులుగా నిలబెట్టిన నడుం కదా, వంగడం వంగింది గాని లేవలేకపోయింది. పట్టేసింది. ఆంజినమ్మా, తిమ్మమ్మా చెరో భుజం పట్టి లేపాల్సి వచ్చింది. "ఇంత కష్టపడి మొక్కాల్నా" అంటూ తిమ్మమ్మ ఆమె నడుముకు ఆముదం రుద్దింది. రుద్దుతూ, అనుమానం తీరక, పొట్ట మీద కూడా ఒకసారి చెయ్యి వేసి చూసింది.

సోమవారం కరెంటు వచ్చాక ఆమె ఓబుళేసు కొన్నచోటి నుంచే కొత్త ఐసు తెచ్చి పద్ధతిగా, పెట్టెలోనే మళ్ళీ పరీక్ష చేసింది. అదే బుడగ. ఆ రిపోర్టు మీద గంగాధరప్ప సారు హాయిగా సంతకం చేశాడు. మరికొన్నేళ్ళకు ల్యాబుకు చల్లబరచడం కూడా తెలిసిన పెట్టె వచ్చింది. లంగాగుడ్డ పట్టీ మాత్రం ఇప్పటికీ బీరువాలో ఉంది, పారేద్దామంటే ఆమె ఒప్పుకోదు.

ఆ పల్లె చలివేంద్రంలో ఆ తరువాత ఐసు లేదు. ఇసుకలో పాతిన కడవలే. ఓబుళేసు గుడ్డ ఒక ఎండాకాలానికే చిరిగిపోయింది. ఆంజినమ్మ మజ్జిగ గ్లాసు అందించేటప్పుడు, అడిగినా అడగకపోయినా, తన చేతులు రెండూ అటూ ఇటూ తిప్పి చూపించేది. చౌడేశ్వరి ఎప్పుడు వెళ్ళినా కాళ్ళకు మొక్కబోతే, ఆమె భుజం పట్టి ఆపి ఒక్కటే అడిగేది.

"ఉండమ్మే. నడుముకి ఏమన్నా కట్టుకోనుండావా?"